గోడ మీద పుట్టగొడుగు మేఘం

పూర్వ విద్యార్థి, 1979 పదో తరగతి బ్యాచ్ (విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు)

 

ఈ సంచికకు బడి జ్ఞాపకాలు రాసి ఇమ్మని సంఘం వాళ్లు అడిగినప్పుడు సరేనన్నాను. ఇంతలో ఒక చిన్న సంఘటన జరిగి నా వ్యాసం దారి మళ్లింది. మన సంఘం కట్టించి ఇస్తున్న కొత్త సైన్సు గదికి గోడ బొమ్మలు ఎలా ఉండాలని వాట్సాప్ గ్రూపులో చర్చ జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. విదేశంలో ఉంటున్న ఒక తమ్ముడు, మనకన్నా పాతికేళ్లు చిన్న బ్యాచ్ వాడు, ఎనిమిది అడుగుల బొమ్మ ఒకటి తయారు చేసి పంపాడు. నారింజ, ఎరుపు రంగుల్లో ఆకాశాన్నంతా కమ్మేసిన పుట్టగొడుగు మేఘం. "భౌతికశాస్త్రం గది అంటే ఇలా ఉండాలి" అని చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఒక టీచరు గారు మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "ఇది ఏ ఊరు బాబూ? ఎప్పుడు?"

ఎవరూ జవాబు చెప్పలేదు. చరిత్ర చెప్పినవాణ్ణి కదా, ఆ పని నా మీద పడింది.

ఆ ప్రశ్న నన్ను మరో గోడ దగ్గరికి తీసుకెళ్లింది. మన పాత సైన్సు గదిలో, ఆమ్లాల సీసాల బీరువా పక్కన, ఏదో ఇంగ్లీషు పత్రిక నుంచి కత్తిరించి మైదా పిండితో అతికించిన నలుపు తెలుపు బొమ్మ ఒకటి ఉండేది. అంచులు పసుపెక్కి, ఒక మూల ఊడి వేలాడుతుండేది. మేం దాన్ని "కాలీఫ్లవరు" అనేవాళ్లం. అది హిరోషిమా అని మాలో ఎవరో అన్నారు. అందరం నమ్మాం. తరవాత నేను ఉపాధ్యాయుణ్ణయ్యాక అదే బొమ్మ పుస్తకాల్లో కనబడ్డప్పుడల్లా "ఇదిగో, హిరోషిమా" అని ముప్పై ఏళ్లు పిల్లలకు చూపించాను. ఇప్పుడు వెతికితే తెలిసింది. అది హిరోషిమా కాదు. నేను చెప్పింది తప్పు. నా దగ్గర చదువుకున్నవాళ్లలో కొందరు ఈ సంచిక చదువుతారు కాబట్టి, ఆ తప్పు దిద్దుకోవడానికి కూడా ఇది రాస్తున్నాను.

ఆ బొమ్మ ఏ ఊరిది?

మన కాలీఫ్లవరు పసిఫిక్ మహాసముద్రంలో మార్షల్ దీవుల్లోని బికినీ అనే పగడపు దీవుల వలయానిది. తేదీ 1946 జూలై 25. అప్పటికి యుద్ధం ముగిసి దాదాపు ఏడాదైంది. అమెరికా నౌకాదళం "ఆపరేషన్ క్రాస్‌రోడ్స్" పేరుతో అక్కడ రెండు పరీక్షలు చేసింది. ఓడల మీద అణుబాంబు పడితే ఏమవుతుందో చూడడం ఉద్దేశం. మొదటిది జూలై 1న గాలిలో పేలింది. రెండోది, "బేకర్" అని పిలిచినది, నీటి మట్టానికి 27 మీటర్ల కింద పేలింది. దాదాపు 20 లక్షల టన్నుల నీరు ఒక్కసారిగా స్తంభంలా లేచి పైన విచ్చుకుంది. ఆ బొమ్మ అడుగున నల్ల చుక్కల్లా కనిపించేవి ఈగలు కావు, యుద్ధనౌకలు. గురిగా నిలబెట్టిన 90కి పైగా ఓడల్లో జపాను నౌకాదళానికి ఒకప్పుడు తలమానికమైన "నగాటో" కూడా ఉంది. ముందుభాగంలో కొబ్బరిచెట్లు కనిపిస్తాయి. ఆ చెట్లు ఎవరివి అని ఎవరమూ అడగలేదు.

బికినీలో 167 మంది ఉండేవారు. 1946 ఫిబ్రవరిలో ఒక ఆదివారం చర్చి ప్రార్థన ముగిశాక అమెరికా సైనిక గవర్నరు వాళ్లను సమావేశపరిచాడు. మానవాళి మేలు కోసం, యుద్ధాలన్నిటినీ అంతం చేయడం కోసం కొంతకాలం దీవి ఖాళీ చేయమని అడిగాడు. వాళ్ల నాయకుడు జూడా సరేనన్నాడు. ఆ తరవాత ఆ సన్నివేశాన్నే సినిమా కెమెరాల కోసం మళ్లీ మళ్లీ చేయించి ఫిల్ము తీశారు. అంటే ఇల్లు వదిలిపెట్టే మనుషులతో, ఇల్లు వదిలిపెట్టడానికి ఒప్పుకున్నట్టు పలుమార్లు నటింపజేశారన్నమాట. మార్చిలో వాళ్లను రోంగెరిక్ అనే మరో దీవికి చేర్చారు. అక్కడ తిండి చాలక ఆకలితో అలమటించారు. 1948లో అక్కడి నుంచి క్వాజలీన్‌కు, ఆపై కీలీ అనే దీవికి మార్చారు. 1970 దశకంలో కొందరు సొంత దీవికి తిరిగి వెళ్లారు కానీ, వాళ్ల శరీరాల్లో రేడియోధార్మిక పదార్థాలు పేరుకుంటున్నాయని తేలడంతో 1978లో మళ్లీ ఖాళీ చేయించారు. "కొంతకాలం" అన్న మాట ఇప్పటికీ పూర్తి కాలేదు.

తొలి ఫొటోలు, ఒక లెక్క

అణుబాంబు బొమ్మల కథ బికినీ కన్నా ఏడాది ముందు మొదలైంది. 1945 జూలై 16న, తెల్లవారుజామున సుమారు ఐదున్నరకు, న్యూమెక్సికో ఎడారిలో "ట్రినిటీ" పరీక్ష జరిగింది. ఛాయాగ్రాహకుల పనికి పెద్ద బెర్లిన్ బ్రిక్స్‌నర్. యాభైకి పైగా కెమెరాలు అమర్చారు. అయినా లోకానికి మిగిలిన చక్కటి రంగుల ఫొటో మాత్రం వాటిలో ఏదీ కాదు. జాక్ ఏబీ అనే యువ ఉద్యోగి తన సొంత కెమెరాతో తీసినది. అది అధికారికంగా అప్పగించిన పని కూడా కాదు.

ట్రినిటీ అనగానే మనవాళ్లు సభల్లో భగవద్గీత ప్రస్తావన తెస్తారు. ఓపెన్‌హైమర్ సంస్కృతం నేర్చుకున్నవాడే. పదకొండో అధ్యాయంలోని మాట తనకు గుర్తుకొచ్చిందని చెప్పినవాడే. అయితే అందరం చూసిన ఆ దృశ్యం 1965లో టీవీ కోసం చిత్రీకరించినది. ఆ ఉదయం అన్నగారి నోటి నుంచి వచ్చిన మాట "పనిచేసింది" అన్నట్టు పక్కనే ఉన్న తమ్ముడు ఫ్రాంక్ తరవాత గుర్తు చేసుకున్నాడు. గీత మాట మనకు గర్వంగా అనిపిస్తుంది కాబట్టి అదే నిలిచింది. బొమ్మల విషయంలోనూ అంతే. మనసుకు నచ్చినవే గోడకెక్కుతాయి.

ఇక్కడ మన లెక్కల, సైన్సు మాస్టార్లు మెచ్చే ముచ్చట ఒకటి చెప్పాలి. ట్రినిటీ ఫొటోలు కొన్నిటిని 1947లో బయటికి విడుదల చేశారు. బాంబు శక్తి ఎంతన్నది మాత్రం రహస్యంగానే ఉంచారు. ఫొటోల అడుగున ఒక కొలబద్ద గీత, పక్కన సమయం ముద్రించి ఉన్నాయి. ఇంగ్లండులో జి.ఐ. టేలర్ అనే శాస్త్రవేత్త ఆ ఫొటోల మీద అగ్నిగోళాన్ని కొలిచి, శక్తి ఎంతో తేల్చి, 1950లో అచ్చు వేశాడు.

మన తొమ్మిదో తరగతి పిల్లలు కూడా దాన్ని స్థూలంగా చేయొచ్చు. పేలిన తరవాత సెకనులో నలభయ్యో వంతుకు, అంటే 0.025 సెకన్లకు, అగ్నిగోళం వ్యాసార్ధం 130 మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు. వ్యాసార్ధం ఐదో ఘాతాన్ని సాంద్రతతో గుణించి, కాలం వర్గంతో భాగించాలి. వచ్చేది సుమారు 71 లక్షల కోట్ల జౌళ్లు. ఒక టన్ను టీఎన్‌టీకి సుమారు 420 కోట్ల జౌళ్లు చొప్పున లెక్కిస్తే దాదాపు 17 వేల టన్నులు. టేలర్‌కు వచ్చిన జవాబూ దాదాపు అదే. అలంకారం అనుకుని చూస్తే ఆ ఫొటో వింత వెలుగు. కొలత అనుకుని చూస్తే రహస్య పత్రం. చూసే కన్నును బట్టి ఉంటుంది.

ఇంత అందంగా ఎందుకున్నాయి?

ఒక తమ్ముడు నన్ను అడిగాడు: "మాస్టారూ, ఇంత భయంకరమైనది ఇంత అందంగా ఎలా ఉంది?" న్యాయమైన ప్రశ్న. దీనికి మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, తీసినవాళ్లు మామూలువాళ్లు కారు. ఎం.ఐ.టి. ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ తన ఇద్దరు సహచరులతో కలిసి పరీక్షల కోసం ఒక ప్రత్యేక కెమెరా తయారు చేశాడు. దాని షట్టరులో కదిలే భాగమంటూ ఉండదు. అయస్కాంత క్షేత్రంతో కాంతి ధ్రువణాన్ని తిప్పి, సెకనులో లక్షల వంతులో కొద్దిసేపు మాత్రమే వెలుతురును లోపలికి వదులుతుంది. ఒక కెమెరాతో ఒక్క ఫొటోయే వస్తుంది కనుక వరసగా చాలా కెమెరాలు పెట్టేవారు. పాలచుక్క పడినప్పుడు ఏర్పడే కిరీటాన్ని, యాపిల్ పండులోంచి దూసుకుపోయే తుపాకీ గుండును ఫొటో తీసిన ఎడ్జర్టన్ ఈయనే. 1952 నాటి కొన్ని ఫొటోల్లో అగ్నిగోళానికి కింద కాళ్లలాగా ముళ్లు కనిపిస్తాయి. బాంబు ఉంచిన గోపురాన్ని పట్టి ఉంచే ఉక్కు తాళ్లు ఆ వెలుగుకే ఆవిరై అలా కనబడతాయి.

రెండోది, సినిమా వాళ్ల చెయ్యి. హాలీవుడ్‌లో లారెల్ కాన్యన్ కొండ మీద అమెరికా వైమానిక దళం 1947 నుంచి 1969 వరకు "లుకౌట్ మౌంటెన్" అనే రహస్య స్టూడియో నడిపింది. సినిమా రంగంలో ఆరితేరిన నిపుణులు గోప్యతా ప్రమాణం చేసి అక్కడ పనిచేశారు. ఏ కోణం నుంచి తీస్తే పండుతుందో, ముందు భాగంలో ఒక చెట్టో ఓడో ఉంటే మేఘం ఎంత పెద్దదిగా కనిపిస్తుందో వాళ్లకు తెలుసు. చూసి ముచ్చటపడేది మన బలహీనత కాదు. అలా చూపించడం వాళ్ల వృత్తి.

మూడోది మరీ మామూలు కారణం. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధి నిర్వహణలో తీసిన ఫొటోలకు ఆ దేశంలో కాపీరైటు ఉండదు. ఎవరైనా తీసుకుని అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. పోస్టర్ల దుకాణాలలో అమెరికా పరీక్షల బొమ్మలే ఎక్కువ కనిపించడానికి ఇదొక పెద్ద కారణం. సోవియట్ యూనియన్ 1961 అక్టోబరు 30న పేల్చిన 50 మెగాటన్నుల బాంబు వీటన్నిటికన్నా పెద్దది. దాని పూర్తి డాక్యుమెంటరీ రష్యా విడుదల చేసింది 2020లో. అందుకే అది గోడలకు అంతగా ఎక్కలేదు.

సంబరంగా మారిన మేఘం

బికినీ పరీక్షలు మొదలైన నాలుగు రోజులకే పారిస్‌లో ఒక దుస్తుల రూపకర్త తన కొత్త ఈతదుస్తులకు ఆ దీవి పేరు పెట్టాడు. ఇప్పుడు "బికినీ" అంటే ప్రపంచంలో చాలామందికి ఒక దుస్తు. ఊరు పోయింది, పేరు మిగిలింది.

1951 జనవరి 27న నెవడా ఎడారిలో పరీక్షలు మొదలయ్యాయి. లాస్‌వేగస్ నగరం అక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. ఆ ఊరి వర్తక సంఘం పరీక్షల వేళలతో క్యాలెండర్లు అచ్చు వేసి పంచింది. హోటళ్ల మేడల మీద తెల్లవారుజామున విందులు జరిగేవి. జనం తాగుతూ మేఘం కోసం ఎదురుచూసేవారు. 1957లో ఒక నర్తకి ఈతదుస్తుల మీద దూదితో చేసిన పుట్టగొడుగు మేఘం తగిలించి, చేతులు చాపి నవ్వుతున్న ఫొటో తీశారు. "మిస్ అటామిక్ బాంబ్" అన్న పేరుతో అది ఈనాటికీ పోస్టరుగా అమ్ముడవుతోంది. నెవడాలో 1962 వరకు గాలిలోనూ నేల మీదా జరిగిన పరీక్షలు 100.

వాళ్లను చూసి నవ్వుకునే ముందు మన దీపావళి సంచి తీసి చూసుకోవాలి. పచ్చదారం చుట్టిన బాంబును మనం చిన్నప్పటి నుంచి ఏమని అడిగి కొన్నాం? "ఆటంబాంబు." దానికన్నా పెద్దది కావాలంటే "హైడ్రోజన్ బాంబు." మా నాన్నగారు చెవులు మూసుకోమని అరుస్తుంటే వత్తి ముట్టించి పరుగెత్తేవాళ్లం. ఆ పేరు వెనుక ఒక ఊరు ఉందని మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

మేఘం కింద

బొమ్మలో కనిపించనిది ఒకటి ఉంది. మేఘం కదులుతుంది. గాలి ఎటు వీస్తే అటు పోయి, ఎక్కడో ధూళిగా రాలుతుంది. దీన్ని తొలుత కనిపెట్టిన వాళ్లలో ఒకరు ఫొటో ఫిల్ములు తయారు చేసే కొడాక్ వాళ్లు కావడం విచిత్రం. 1945లో వాళ్ల ఎక్స్‌రే ఫిల్ముల మీద కారణం తెలియని మచ్చలు వచ్చాయి. ఫిల్ములు చుట్టే గడ్డి అట్టను ఇండియానా రాష్ట్రంలో ఒక మిల్లులో చేసేవారు. ఆ అట్టలోనే రేడియోధార్మికత ఉందని సంస్థ శాస్త్రవేత్త ఒకరు పట్టుకున్నారు. ట్రినిటీ ధూళి వాననీటితో నదిలో కలిసి, నది నీటితో మిల్లులోకి, అక్కడి నుంచి అట్టలోకి చేరిందన్నమాట. నెవడా పరీక్షలు మొదలై మళ్లీ మచ్చలు కనిపించాక సంస్థ దావా వేస్తామంది. అప్పుడు అణుశక్తి సంఘం ఫిల్ము కంపెనీలకు పరీక్షల సంగతి ముందుగా చెప్పడానికి ఒప్పుకుంది. గాలివాటున ఉన్న ఊళ్లలో పాలు తాగే పిల్లల తల్లిదండ్రులకు అలాంటి కబురు వెళ్లలేదు. ఆ ప్రాంతాల బాధితులకు పరిహారం ఇచ్చే చట్టం 1990లో గానీ రాలేదు.

1954 మార్చి 1న బికినీలో "బ్రావో" పరీక్ష జరిగింది. ఆరు మెగాటన్నులు అనుకున్నది పదిహేను మెగాటన్నులుగా పేలింది. రంగుల్లో ఎంతో "చక్కగా" వచ్చిన ఫొటోల్లో అదొకటి. తూర్పుగా ఉన్న రోంగెలాప్ దీవి మీద తెల్లటి పొడి రాలింది. పిల్లలు దానితో ఆడుకున్నారు. సాయంత్రానికి వాంతులు, ఒళ్లంతా మంటలు. వాళ్లను అక్కడి నుంచి తరలించింది రెండు రోజుల తరవాత. అదే పొడి జపాను చేపల పడవ "లక్కీ డ్రాగన్ 5" మీదా పడింది. అందులో 23 మంది. రేడియో ఆపరేటరు కుబోయామా ఐకిచి సెప్టెంబరు 23న చనిపోయాడు. ఆ పడవ ఇప్పుడు టోక్యోలో ప్రదర్శనశాలలో ఉంది.

మరి హిరోషిమా నేల మీది ఫొటోలు ఎందుకు మన గోడలకు రాలేదు? 1945 ఆగస్టు 6న మత్సుషిగే యోషిటో అనే పత్రికా ఛాయాగ్రాహకుడు కెమెరాతో ఊళ్లో గంటల తరబడి తిరిగాడు. ఎదురైన మనుషులను చూసి మీట నొక్కలేకపోయాడు. తీసినవి ఏడు. నిలిచినవి ఐదు. ఆక్రమణ సైన్యం సెన్సారు కారణంగా అలాంటి ఫొటోలు 1952 వరకు జనం ముందుకు స్వేచ్ఛగా రాలేదు. ఆ ఏడేళ్లలో లోకమంతా చూసింది మేఘాన్నే, పైనుంచీ, దూరం నుంచీ. నేను బికినీ బొమ్మను హిరోషిమా అనుకోవడానికి మూలం బహుశా ఇక్కడుంది. మేఘాలన్నీ ఒకలాగే ఉంటాయి. మనుషులే వేరువేరుగా ఉంటారు.

కళాకారుల గోడలు

ఈ బొమ్మలను గోడకెక్కించిన కళాకారులు అందరూ ఒకే పని చేయలేదు. ఆండీ వార్హోల్ 1965లో ఒకే మేఘాన్ని ఎరుపు మీద నలుపుతో వరసలుగా అచ్చొత్తాడు. కిందికి పోయేకొద్దీ బొమ్మ నల్లబడిపోతుంది. చూసిందే చూసి మన కన్ను ఎలా మొద్దుబారుతుందో అందులో ఉంది. బ్రూస్ కానర్ 1976లో బేకర్ పరీక్ష ఫిల్ములను రకరకాల కోణాల నుంచి ఏరి, 36 నిమిషాల సినిమాగా కూర్చాడు. మన కాలీఫ్లవరే, మళ్లీ మళ్లీ, నెమ్మదిగా. మైకేల్ లైట్ 2003లో ప్రభుత్వ భాండాగారాల నుంచి వంద ఫొటోలు తీసి పుస్తకం వేశాడు. ప్రతి పరీక్షకూ పేరు, శక్తి, చోటు, సంవత్సరం చెప్పాడు.

జపాను కళాకారులు వేరే దారి పట్టారు. మారుకి ఇరి, మారుకి తోషి దంపతులు బాంబు పడిన కొద్దిరోజులకే హిరోషిమా వెళ్లి చూసినవాళ్లు. 1950 నుంచి ముప్పై ఏళ్లకు పైగా శ్రమించి 15 పెద్ద తెరచిత్రాలు వేశారు. వాటిలో నిండా మనుషులు. ఒకామోతో తారో 1968, 69లలో మెక్సికోలో ఒక హోటలు కోసం 30 మీటర్ల పొడవైన గోడచిత్రం వేశాడు. మండుతున్న అస్థిపంజరం మధ్యలో, ఒక పక్క ఆ చేపల పడవ. హోటలు పూర్తి కాలేదు, చిత్రం కనబడకుండా పోయింది. 2003లో మెక్సికో నగర శివారులో దొరికింది. 2008 నుంచి టోక్యోలో షిబుయా స్టేషను గోడ మీద ఉంది. రోజూ లక్షల మంది ఆఫీసులకు పరుగెడుతూ దాని కిందుగా నడుస్తారు.

1963లో మాస్కో ఒప్పందం కుదిరాక అమెరికా, సోవియట్, బ్రిటన్ పరీక్షలు నేల కిందికి పోయాయి. ఫ్రాన్సు 1974 వరకు, చైనా 1980 వరకు గాలిలో పేల్చాయి. మన పోఖ్రాన్ పరీక్షలు, 1974లోనూ 1998లోనూ, నేల కిందే. 1974 బాంబును 107 మీటర్ల లోతున పేల్చారు. పోఖ్రాన్ వార్తకు ఎవరైనా పుట్టగొడుగు మేఘం జోడిస్తే అది మరెక్కడిదో అని గ్రహించాలి.

ఒక బడి కథ

చివరగా అసలు చెప్పదలచుకున్నది. 1946 నవంబరులో వాషింగ్టన్‌లో ఒక విందు జరిగింది. బికినీ పరీక్షలు జరిపించిన అడ్మిరల్ బ్లాండీ, ఆయన భార్య కలిసి పుట్టగొడుగు మేఘం ఆకారంలో చేసిన తెల్లటి కేకును కోస్తున్న ఫొటో పత్రికల్లో వచ్చింది. ఆ ఊరి ఆల్ సోల్స్ చర్చి మతాచార్యుడు పావెల్ డేవిస్ దాన్ని చూసి మండిపడ్డాడు. ఆ ఆదివారం వేదిక మీద నుంచి ఆ ఫొటో సిగ్గుచేటని నిష్ఠూరంగా మాట్లాడాడు. ఆ ప్రసంగం జపానులో విద్యాశాఖ పని చూస్తున్న ఒక అమెరికన్ అధికారి కంటపడింది. ఇక్కడి పిల్లలకు రాసుకోవడానికి పెన్సిళ్లు కూడా లేవని ఆయన ఉత్తరం రాశాడు. చర్చి పిల్లలు పెన్సిళ్లు, రంగుల కడ్డీలు, కాగితాలు పోగుచేశారు. అరటన్ను బరువైన సామాను 1947లో జపాను చేరింది.

అందుకున్న బళ్లలో ఒకటి హిరోషిమాలోని హొంకావా ప్రాథమిక పాఠశాల. బాంబు పేలిన చోటికి అన్నిటికన్నా దగ్గరగా, దాదాపు 400 మీటర్లలో ఉన్న బడి అది. ఆ బడి విద్యార్థులు సుమారు 400 మంది, పదిమంది దాకా ఉపాధ్యాయులు చనిపోయారు. కాంక్రీటు గోడలు మాత్రం నిలబడ్డాయి. 1946లో కిటికీలు లేని ఆ గోడల మధ్యే మళ్లీ బడి తెరిచారు. అమెరికా రంగుల కడ్డీలు చేతికి రాగానే ఆ పిల్లలు బొమ్మలు వేసి, కృతజ్ఞతగా వాషింగ్టన్‌కు పంపారు. ఆ బొమ్మల్లో ఆటలు, చెట్లు, పూలు, నిండైన రంగులు. మేఘం పడగనీడలో బతికిన పిల్లలు గీసుకున్నది మేఘాన్ని కాదు. ఏళ్ల తరబడి ఒక పెట్టెలో ఉండిపోయిన ఆ బొమ్మలను బాగుచేసి, 2010లో హిరోషిమాకు తీసుకెళ్లి ప్రదర్శించారు. వేసిన చిన్నారుల్లో కొందరు అప్పటికి డెబ్బయ్యేళ్ల వాళ్లు. తమ బొమ్మల ముందు నిలబడి చూసుకున్నారు. ఆ పాత బడి గోడల్లో కొంత భాగం నేటికీ ప్రదర్శనశాలగా ఉంది.

మన గోడకు

ఇదంతా తెలిశాక ఆ ఎనిమిది అడుగుల బొమ్మ వద్దని చెప్పడం తేలిక. నేను అలా అనడం లేదు. సైన్సు గదిలో ఆ బొమ్మ ఉండొచ్చు. పిల్లల దగ్గర దాచడం మేలు చేయదు. మేం దాని పక్కన చదువుకునీ ఏమీ తెలుసుకోలేకపోవడానికి కారణం బొమ్మ ఉండడం కాదు, దాని కింద ఒక్క వాక్యమైనా లేకపోవడం. అందుకని సంఘానికి మూడు విన్నపాలు.

ఒకటి, ఏ బొమ్మ పెట్టినా దాని కింద తెలుగులో ఊరు, తేదీ, శక్తి, ఆ చోట బతికిన మనుషులు ఎవరో రాయాలి. రెండు, ట్రినిటీ ఫొటో చిన్నది ఒకటి పెట్టి, పక్కన కొలతలు మాత్రం ఇచ్చి జవాబు ఇవ్వకుండా వదలాలి. మన పిల్లలే లెక్క కట్టాలి. మూడు, ఎదురుగా ఉన్న గోడ ఖాళీగా ఉంచాలి. ఏటా మన బడి పిల్లలు వేసిన బొమ్మలే అక్కడ ఉండాలి. ఏం వెయ్యాలో మనం చెప్పకూడదు.

ఈ వ్యాసం చిత్తుప్రతి ఆ తమ్ముడికి పంపాను. నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. రెండు రోజులకు ఫోను చేశాడు. తాను పంపిన బొమ్మ ఏదో వెతికి పట్టుకున్నాడట: 1970 జూలై 3, ఫ్రాన్సు జరిపిన "లికోర్న్" పరీక్ష, పసిఫిక్‌లోని మురురోవా దీవులు, 914 కిలోటన్నులు. "నాకు అందం ఒక్కటే కనబడింది మాస్టారూ" అన్నాడు. ఆ బొమ్మ తీసేసి బేకర్ బొమ్మ పెడదామని తనే అన్నాడు. పాత గదిలో ఉన్నది అదే కదా అని. కింద రాయాల్సిన మాట నన్నే రాయమన్నాడు. గురువులు దిద్దితే సంతోషిస్తాను. ఇలా రాశాను:

"బికినీ, మార్షల్ దీవులు. 1946 జూలై 25. శక్తి సుమారు 21 వేల టన్నుల టీఎన్‌టీ. ఇక్కడ 167 మంది ఉండేవారు. కొంతకాలం అని చెప్పి పంపించారు. ఇది హిరోషిమా కాదు."